మొదటి నెల అద్దె
డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి అమెరికా జీవితం

అమెరికాలో గడిపిన మొదటి నెలను ఎవరూ మరచిపోరు. సూట్‌కేసులో అమ్మ కట్టిచ్చిన ఆవకాయ, జేబులో లెక్కపెట్టిన డాలర్లు, ప్రతి వస్తువు ధరనూ రూపాయల్లోకి మార్చుకుని ఉలిక్కిపడటం... ఈ సభకు వచ్చిన మనలో చాలామందికి ఇది సొంత కథే. 2008 మాంద్యంలో ప్రాజెక్టు పోయి నేను బెంచి మీద ఉన్నప్పుడు ధైర్యం ఇచ్చింది మాత్రం మనందరికంటే ఎంతో ముందు, 1923లో, బోస్టన్‌లో అడుగుపెట్టిన ఒక తెలుగు డాక్టరు జీవితం. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు గారు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ ఇబ్బందే. చదువు మీద ధ్యాస లేక, పదమూడేళ్ళ వయసులో కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి సంపాదిద్దామని ఇల్లు వదిలి బయలుదేరారని చెబుతారు. తల్లి వెంకమ్మ గారు వెనక్కి తీసుకువచ్చి, నగలు అమ్మి మరీ చదివించారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు! తరువాత మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరైన దొరగారికి కోపం వచ్చింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఈలోగా ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బుకు అప్పట్లో సరైన మందు లేదు.

మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెబుతూనే ఆయన హార్వర్డు ఉష్ణమండల వైద్య విద్యాలయంలో సీటు సంపాదించారు. ప్రయాణానికి డబ్బు కావాలి. కాకినాడలోని మల్లాది సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ, మామగారు కస్తూరి సూర్యనారాయణ మూర్తి గారు ఆదుకున్నారు. గర్భవతి అయిన భార్య శేషగిరి గారిని పుట్టింట వదిలి ఓడ ఎక్కారు.

బోస్టన్ చేరాక అసలు కష్టాలు మొదలయ్యాయి. చేతిలో ఉన్నది ఫీజుకు, తిండికి, గదికి ఎలాగూ చాలదు. పరిస్థితి గమనించిన ప్రొఫెసర్ రిచర్డ్ స్ట్రాంగ్ మొదటి నెల అద్దె సర్దారు. మన ఎల్.ఎం.ఎస్. పట్టాకు అక్కడ ఆస్పత్రిలో డాక్టరుగా చోటు దొరకలేదు. దొరికిన పని ఏమిటో తెలుసా? రాత్రిపూట నైట్ పోర్టరు ఉద్యోగం. రోగుల మలమూత్రాల పాత్రలు కడగటం, వార్డులు శుభ్రం చేయటం. మద్రాసులో డాక్టరు చదువు పూర్తిచేసి, విద్యార్థులకు పాఠాలు చెప్పిన మనిషి! పగలు క్లాసులు, రాత్రి ఈ పని. ఆయన దాన్ని నామోషీగా అనుకోలేదు, అదే తన గమ్యమనీ అనుకోలేదు. అద్దె కడుతూ చదువు పూర్తి చేయటానికి అదొక మెట్టు, అంతే.

కాలం కూడా అనుకూలంగా లేదు. 1923లోనే భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1924 చట్టం మన దేశం నుంచి వలసకు తలుపులు మూసింది. అలాంటి రోజుల్లో ఆయన ఒంటరిగా నిలబడ్డారు.

డిప్లొమా తరువాత హార్వర్డు జీవరసాయన శాఖలో చేరి, సైరస్ ఫిస్కెతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫిస్కె-సుబ్బారావు పద్ధతిగా అది పాఠ్యపుస్తకాలకెక్కింది. ఆపై కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియేటిన్, ఏ.టి.పి.ల మీద వెలువడిన పరిశోధనల్లోనూ ఆయన చెయ్యి ఉంది. 1930లో పిహెచ్.డి. వచ్చింది గాని, హార్వర్డులో శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలకు మారారు, త్వరలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. సోదరులను బలితీసుకున్న స్ప్రూ జబ్బుకు అదే మందుగా పనికొచ్చింది! గోదావరి జిల్లాల వాళ్ళకు బాగా తెలిసిన బోదకాలు వ్యాధికి హెట్రజాన్ వచ్చింది. పిల్లల రక్త క్యాన్సర్‌పై డాక్టర్ సిడ్నీ ఫార్బర్ వాడిన అమినోప్టెరిన్, నేటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ ఆ ప్రయోగశాలలవే. ఆయన నాయకత్వంలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ కనిపెట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటి మందు.

ఈ విజయాలకు చెల్లించిన మూల్యం కూడా చెప్పుకోవాలి. ఆయన వచ్చేశాక ఇండియాలో పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. శేషగిరి గారు భర్తను మళ్ళీ చూడనే లేదు. పావు శతాబ్దం ఎడబాటు! 1946లో చట్టం మారి భారతీయులకు పౌరసత్వం వీలైనా, ఆయన పౌరుడు కాకుండానే 1948 ఆగస్టులో, 53వ ఏట, నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. ఆయన శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

సుబ్బారావు గారి గొప్పతనం తలచుకుని గర్వపడటం సులభమే. నాకు మాత్రం ఆ మొదటి నెల అద్దె దగ్గరే మనసు ఆగిపోతుంది. ఆ నెల ఆయన వీధిన పడి ఉంటే? నేటికీ మన ఊళ్ళలో కొత్తగా దిగిన పిల్లలు నలుగురేసి ఒక గదిలో ఉంటూ, చదువుకు తగని పని దొరికినా చాలని చూస్తున్నారు. వాళ్ళలో ఎవరు ఏమవుతారో మనకు తెలియదు. ఒక నెల అద్దె, ఒక పూట భోజనం, ఒక రెజ్యూమె దిద్దిపెట్టడం మన చేతిలో పనులే. ఇక ఇండియాలో మన కోసం ఎదురుచూస్తున్నవాళ్ళకు ఈ వారమే ఒక ఫోను చేద్దాం. ఆ మహానుభావుడికి అంతకు మించిన నివాళి ఏముంటుంది?