అంగుళంలో పదిలక్షవ వంతు

గురి తప్పిన విలుకాడు మొదట గాలిని నిందిస్తాడు. పిమ్మట వింటిని నిందిస్తాడు. తన చేతిని నిందించుకోవటం చిట్టచివరి మాట. ఈ మూడింటిలో తప్పు దేనిదో, ఎంతటిదో, ఊహతో గాక కొలతతో తేల్చవలెనని జీవితమంతా శ్రమించిన యంత్రశిల్పి సర్ జోసెఫ్ విట్వర్త్.

అతడు 1803 డిసెంబరు 21వ తేదీన ఇంగ్లండులోని స్టాక్‌పోర్టులో జన్మించాడు. తండ్రి బడిపంతులు, తరువాత క్రైస్తవ మతబోధకుడైనాడు. తల్లి బాల్యంలోనే గతించినది. జోసెఫ్ డెర్బీషైరులో మేనమామ నడిపే నూలుమిల్లులో పనికి కుదిరాడు. బంధువులు అతనిని వ్యాపారిని చేయదలచారు. అతని మనస్సు మాత్రం లెక్కల పుస్తకాలమీద గాక మరచక్రాలమీద నిలిచినది. ఒకనాడు మిల్లు విడిచి మాంచెస్టరు చేరి సామాన్య కార్మికుడుగా సుత్తి పట్టాడు. 1825లో వివాహం చేసికొని, లండనుకు పోయి, ఆనాటి యంత్రనిర్మాతలలో అగ్రగణ్యుడైన హెన్రీ మాడ్స్‌లే కర్మాగారంలో చేరాడు.

అక్కడ అతనికి ఎదురైన సమస్య చూపునకు అతి స్వల్పమైనది: నిజమైన సమతలం గల ఇనుపపలకను తయారుచేయటం ఎట్లు? రెండు పలకలను ఒకదానితో ఒకటి సరిచూచినంత మాత్రాన చాలదు. ఒకటి ఉబ్బెత్తుగా, రెండవది అంతే పల్లంగా ఉన్నా అవి చక్కగా అతుకుకొంటాయి. ఇద్దరు సాక్షులు కూడబలుక్కొని అబద్ధమాడినట్లే ఇదీను. అందుచేత విట్వర్త్ మూడవ పలకను ప్రవేశపెట్టాడు. మూడూ ఏ రెంటిని కలిపినా అతుకవలెనన్నచో, సమతలం కావటం తప్ప వాటికి గత్యంతరం లేదు. రంగు పూసి, అంటిన ఎత్తులను గుర్తించి, ఉలివంటి పనిముట్టుతో ఓర్పుగా గీకి అతడు ఈ పని సాధించాడు. 1840లో గ్లాస్గో నగరంలో విద్వత్సభ ఎదుట ఈ పద్ధతిని వివరించాడు.

1833లోనే మాంచెస్టరుకు తిరిగివచ్చి అతడు స్వంత కర్మాగారం స్థాపించాడు. ఆ కాలంలో మరల విషయం గందరగోళంగా ఉండేది. ఒక కార్ఖానాలో చేసిన మర మరొక కార్ఖానా నట్టులో దూరేది కాదు. విట్వర్త్ అనేక కార్ఖానాల మరలను సేకరించి పరిశీలించి, 1841లో 55 డిగ్రీల కోణంతో ఒక సమాన ప్రమాణాన్ని ప్రతిపాదించాడు. ఇంగ్లండు దానిని క్రమంగా స్వీకరించినది.

మరనే సాధనంగా చేసికొని అతడు కొలతయంత్రాన్ని నిర్మించాడు. అంగుళానికి 20 చుట్లు గల మర. దానిని త్రిప్పే 200 పండ్ల చక్రం. ఆ చక్రాన్ని నడిపే మరొక మరకు 250 భాగాలు గుర్తించిన పళ్ళెం. ఈ మూడు సంఖ్యలను గుణించినచో పదిలక్షలు వస్తాయి. అనగా పళ్ళెం ఒక్క గీత కదిలితే యంత్రం అంగుళంలో పదిలక్షవ వంతు జరుగుతుంది.

1854లో క్రిమియా యుద్ధం వచ్చినది. ఎన్‌ఫీల్డు తుపాకులను విస్తారంగా తయారుచేసే యంత్రాలు కావలెనని ప్రభుత్వం అతనిని కోరినది. ఒక తుపాకి బాగా కాల్చి వేరొకటి కాల్చకపోవటానికి కారణమేమిటో తెలియనిదే యంత్రాలు చేయటం తప్పును వేలకొలది నకళ్ళు తీయటమే అవుతుందని అతడు తలచాడు. ముందుగా పరిశోధనకు పూనుకొన్నాడు. ప్రభుత్వవ్యయంతో అతని ఇంటి ఆవరణలో 500 గజాల పొడవున కప్పుగల కాల్పుల శాల వెలసినది. గాలివాన దానిని కూల్చివేయగా మరల కట్టించి, 1855లో ప్రయోగాలు సాగించాడు. శాలలో గాలి బాధ లేదు. దారి పొడవునా కట్టిన పలుచని కాగితపు తెరలను గుండు చీల్చుకొనిపోగా, ఆ రంధ్రాలే దాని మార్గాన్ని చూపినవి. ఈ విధంగా గాలి దోషాన్ని వేరుచేసి తుపాకి దోషాన్ని మాత్రమే అతడు కొలువగలిగాడు.

ఎన్‌ఫీల్డు గొట్టం వ్యాసం 0.577 అంగుళం, లోపలి చాళ్ళు 78 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేవి. విట్వర్త్ ఆరు పలకల గొట్టం తయారుచేసి, వ్యాసాన్ని 0.451కి తగ్గించి, 20 అంగుళాలకే ఒక చుట్టు త్రిప్పాడు. 1857లో హైత్ వద్ద రెండు తుపాకులనూ పరీక్షించారు. 500 గజాల దూరాన ఎన్‌ఫీల్డు గుండ్లు సగటున రెండు అడుగులకు పైగా చెదిరినవి. విట్వర్త్ గుండ్ల చెదురు అర అడుగు కూడా లేదు. 1,400 గజాల వద్ద ఎన్‌ఫీల్డు లక్ష్యాన్ని తాకనే లేదు. అయినా సైన్యాధికారులు గొట్టం మరీ సన్నమని దానిని నిరాకరించారు. 1860 జూలైలో వింబుల్డను పోటీలను ప్రారంభిస్తూ విక్టోరియా రాణి పేల్చినది విట్వర్త్ తుపాకినే. ఆధారంపై బిగించిన ఆ తుపాకి త్రాటిని ఆమె లాగగా, 400 గజాల దూరాన గుండు మధ్యబిందువుకు ఒకటి రెండు అంగుళాలలోనే నాటినది. సైన్యం కూడ 1871లో సన్నని గొట్టం గల తుపాకినే స్వీకరించక తప్పలేదు. కాని అది విట్వర్త్ తుపాకి కాదు.

బొంబాయి సైన్యంలో పనిచేసిన డేవిడ్‌సన్ అనే అధికారి రూపొందించిన గురి దుర్భిణిని కొన్ని విట్వర్త్ తుపాకులకు అమర్చారు. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది గురికాండ్రు వాటిని వాడారు. 1864 మే 9వ తేదీన జనరల్ సెడ్జ్‌విక్ దూరంనుండి వచ్చిన గుండుకు బలి అయినాడు. అది విట్వర్త్ తుపాకి గుండేయని పలువురి అభిప్రాయం. కొలత నిష్పక్షపాతి, దానిని వాడే మానవుడు అట్టివాడు కాడు.

నేటి గురిపోటీలవారు దుర్భిణిని పరీక్షించే తీరులోను ఆ శాల నీతియే కనిపిస్తుంది. 100 గజాల దూరాన పొడుగాటి పలక నిలిపి, వడంబంతో నిలువుగీత గీస్తారు. దుర్భిణి మరను 30 కోణనిమిషాలు త్రిప్పి కాలిస్తే గుండు 31.4 అంగుళాలు పైకి పోవలెను. 30.8 అంగుళాలే పోయినదనుకొందాం. మర నూటికి రెండు వంతులు తక్కువ కదులుతున్నదన్నమాట. దగ్గరలో ఇది కంటికి ఆనదు. 1,000 గజాల వద్ద గుండు ఆరంగుళాలకు పైగా క్రిందికి దిగుతుంది. తప్పు ఎంతో తెలిసినవాడు 30కి బదులు 30.6 త్రిప్పి సరిదిద్దుకొంటాడు. తెలియనివాడు గాలిని నిందిస్తాడు.

విట్వర్త్‌కు సంతానం లేదు. 1868లో ఏటా 3,000 పౌనుల ఆదాయం వచ్చే నిధి నెలకొల్పి, యంత్రవిద్య నేర్చే యువకులకు వేతనాలు ఏర్పాటుచేశాడు. సుత్తి పట్టిన చేయి పుస్తకాన్ని, పుస్తకం పట్టిన చేయి సుత్తిని ఎరిగియుండవలెనన్నదే ఆ వేతనాల ఆశయం. 1887 జనవరి 22వ తేదీన మాంటీకార్లోలో కన్నుమూశాడు. అతని తుపాకులు నేడు ప్రదర్శనశాలలలో నిలిచినవి. తప్పును దాచక, ఇతరులపై వేయక, కొలిచి సరిదిద్దే పద్ధతి మాత్రం ప్రతి కర్మాగారంలోను ఇంకా బ్రతికియున్నది. బడిపంతులు కుమారుడు లోకానికి నేర్పిన పాఠం అదే.