చదరంగం గళ్ళలో పావులూరి మల్లన



మీ పిల్లల మ్యాథ్స్ పాఠాల్లో ఆర్యభట్ట పేరు వస్తుంది, రామానుజన్ పేరు వస్తుంది. తెలుగులో తొలి లెక్కల పుస్తకం రాసిన పావులూరి మల్లన పేరు తెలుగు సాహిత్య చరిత్రలోనే ఉండిపోయింది. ఈ నెల ఆయన గురించి చదవండి.

మల్లన 11వ శతాబ్దం వాడు. రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ భారతం రాస్తున్న కాలం అది. పిఠాపురం దగ్గరి నవఖండవాడను ఆ రాజు మల్లనకు ఇచ్చాడంటారు. ఊరు పొందినది ఈ మల్లనా, అదే పేరున్న ఈయన తాతా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. అది వాళ్ళకే వదిలేద్దాం.

అంతకు రెండు శతాబ్దాల ముందు మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. భిన్నాలు, త్రైరాశికం, పొలం కొలతలు అన్నీ పద్యాలే. మహావీరుడు జైనుడు, మల్లన శివభక్తుడు. అందుకే ఉదాహరణల్లో జైన విషయాలు పోయి శివుడు వచ్చాడు.

ఆయన పద్యాల్లో నాకు బాగా నచ్చింది చదరంగం పద్యం. మొదటి గడిలో ఒక జొన్నగింజ పెట్టండి, రెండో గడిలో 2, మూడో గడిలో 4. అలా రెట్టిస్తూ 64 గళ్ళూ నింపితే మొత్తం 18446744073709551615 గింజలు. మన సీమ జొన్నచేలన్నీ కలిపినా చాలవు!

ఈ 20 అంకెలనూ ఒక చంపకమాలలో ఇమిడ్చాడు మల్లన. మన్మథుడి బాణాలు ఐదు కాబట్టి శరం అంటే 5. చంద్రుడు 1, వేదాలు 4, ఆకాశం సున్నా. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు రాసుకుంటూ పోవాలి. తాటాకు మీద ఒక అంకె తప్పు రాస్తే పట్టుకోవడం కష్టం. పద్యంలో మాట మారితే గణం తప్పి చాలాసార్లు తెలిసిపోతుంది. తెలుగు మార్కుల కోసమే కదా, పద్యాలెందుకు అని అడిగే పేరెంట్స్‌కు, ఇంగ్లీషు మీడియం టీచర్‌నైనా నేను ఈ పద్యమే చూపిస్తాను.

ఆ మొత్తం ప్రైమ్ నంబర్ కాదు. చివర 5 ఉంది, అంకెల మొత్తం 87 కాబట్టి 3 తోనూ పోతుంది. కానీ మూడు గళ్ళు తగ్గించి 61 దగ్గర ఆగితే వచ్చే 2305843009213693951 ప్రైమే. దాన్ని 1883లో పెర్వుషిన్ అనే రష్యన్ పూజారి నిరూపించాడు. 31 గళ్ళ మొత్తం 2147483647 కూడా ప్రైమే అని ఆయిలర్ 1772లోనే తేల్చాడు.

ఈ ఆదివారం పిల్లలతో కూర్చుని 2, 3, 5, 7 గళ్ళ మొత్తాలు కట్టించండి. 3, 7, 31, 127 వస్తాయి, నాలుగూ ప్రైమ్‌లే. తర్వాత 11 గళ్ళకు 2047 వస్తుంది. అదీ ప్రైమే అంటారు పిల్లలు. వెంటనే కాదనకండి, 23తో భాగించమనండి.