అలెస్సాండ్రో వోల్టా

ఇటలీ దేశపు ఉత్తర భాగంలో కోమో అనే పట్టణం ఉంది. అలెస్సాండ్రో వోల్టా అక్కడ 1745వ సంవత్సరం ఫిబ్రవరి 18వ తేదీన జన్మించాడు. నాలుగేళ్ళు వచ్చేదాకా అతని నోట మాట రాలేదని చెబుతారు. బిడ్డ మూగవాడేమోనని ఇంటివారు దిగులుపడ్డారు. కాని మాట వచ్చిన తరువాత అతడు చదువులో తోటివారిని మించిపోయాడు.

వోల్టా చిన్నతనంలోనే తండ్రి మరణించాడు. బంధువులు అతనిని పెంచి చదివించారు. న్యాయశాస్త్రం చదివించాలని వారి కోరిక. వోల్టా మనస్సు మాత్రం విద్యుత్తుపై నిలిచింది. మొదట కోమో పాఠశాలలోనూ, తరువాత చాలాకాలం పావియా విశ్వవిద్యాలయంలోనూ ఆయన భౌతికశాస్త్రం బోధించాడు.

ఆ రోజులలో గాల్వానీ అనే శాస్త్రవేత్త చచ్చిన కప్ప కాలికి రెండు రకాల లోహాలు తగిలిస్తే కాలు అదరడం గమనించాడు. విద్యుత్తు కప్ప శరీరంలోనే ఉన్నదని 1791లో ప్రకటించాడు. వోల్టా ఆ మాట ఊరకే నమ్మలేదు. విద్యుత్తుకు కారణం లోహాలేనని తలచి, ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశాడు. వెండి బిళ్ళ, జింకు బిళ్ళ, వాటి నడుమ ఉప్పునీటిలో తడిపిన గుడ్డముక్క, ఇలా జతలు జతలుగా పేర్చాడు. ఆ దొంతర నుండి విద్యుత్తు ఎడతెగక ప్రవహించింది. అదే ప్రపంచంలో మొదటి బ్యాటరీ. 1800వ సంవత్సరం మార్చి 20న ఆ సంగతి లండన్‌లోని రాయల్ సొసైటీకి లేఖ ద్వారా తెలియజేశాడు.

ఆ లేఖలోనే మరొక వింత ప్రయోగం ఉంది. వోల్టా తన రెండు చెవులలో లోహపు కడ్డీలు ఉంచుకొని, వాటిని బ్యాటరీకి కలిపాడు. తల అదిరిపోయింది. తరువాత ఏదో చిక్కని పదార్థం కుతకుత ఉడుకుతున్నట్టు చప్పుడు వినిపించింది. ప్రమాదమని గ్రహించి ఆయన ఆ ప్రయోగాన్ని మళ్ళీ చేయలేదు. అటువంటి పని ఎవరూ చేయరాదు. కాని విద్యుత్తుతో వినికిడి కలిగించవచ్చుననే ఆలోచనకు అది నాంది అయింది.

చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో కాక్లియా ఉంటుంది. అందులోని రోమకణాలు శబ్దాన్ని విద్యుత్ సంకేతాలుగా మార్చి శ్రవణనాడికి అందిస్తాయి. ఆ కణాలు దెబ్బతింటే చెవుడు వస్తుంది. 1957లో పారిస్‌లో జూర్నో, ఎరియెస్ అనే ఇద్దరు శ్రవణనాడికి నేరుగా విద్యుత్తు అందించి, వినికిడి పోయిన ఒక రోగికి చప్పుళ్ళు వినిపించేలా చేశారు. ఆ తరువాత ఎందరో కృషి చేయగా కాక్లియర్ ఇంప్లాంట్ అనే పరికరం రూపొందింది. చెవి వెనుక ఉండే మైక్రోఫోను శబ్దాన్ని గ్రహిస్తుంది. కాక్లియాలో అమర్చిన సన్నని ఎలక్ట్రోడులు దానిని విద్యుత్ సంకేతాలుగా నాడికి చేరుస్తాయి.

నేడు తమిళనాడులో ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం కింద అర్హులైన చిన్నపిల్లలకు ఈ చికిత్స ఉచితంగా లభిస్తున్నది. తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల పేద కుటుంబాలకు కూడా ఇది అందుబాటులో ఉన్న మేలు. అయితే మెదడు మాటలను బాగా నేర్చుకొనేది తొలి సంవత్సరాలలోనే. వోల్టాకు వినికిడి ఉంది కనుక ఆలస్యంగానైనా మాట వచ్చింది. వినికిడి లేని బిడ్డకు కాలమే మాటలు తెచ్చిపెట్టదు. పిలిస్తే తిరిగి చూడని పసిబిడ్డకు వెంటనే చెవి పరీక్ష చేయించాలి. శస్త్రచికిత్స తరువాత కూడా వినడం, పలకడం ఓపికగా నేర్పాలి.

1801లో నెపోలియన్ వోల్టాను పారిస్‌కు పిలిపించి, ఆయన ప్రయోగాలు స్వయంగా చూసి గౌరవించాడు. 1827 మార్చి 5న వోల్టా కన్నుమూశాడు. 1881లో విద్యుత్ పీడనాన్ని కొలిచే ప్రమాణానికి వోల్టు అని పేరు పెట్టారు. టార్చిలైటు సెల్లు మీద కనిపించే 1.5 వోల్టులు అన్న మాటలో ఆ మహనీయుని పేరు నిలిచి ఉంది.