బియాట్రిక్స్ పాటర్

నేను ఉద్యోగము విరమించిన దినమున ఒక విద్యార్థి నాకు వీడ్కోలు కార్డు నిచ్చెను. దానిపై ఉడుత బొమ్మ యుండెను. ఒడలెల్ల ఎరుపు, చెవుల కొనలందు వెండ్రుకల కుచ్చులు. హిందూపురము మొదలు పెనుకొండ, ధర్మవరముల వరకు మన చింతచెట్లపై పరుగులిడు ఉడుతకు వీపున మూడు తెల్లని చారలుండును; చెవికుచ్చులుండవు. కార్డుపైనున్నది ఐరోపాఖండపు ఎఱ్ఱ ఉడుత. దానిని కథలకెక్కించిన చిత్రకారిణి బియాట్రిక్స్ పాటర్.

ఆమె 1866 జూలై 28వ తేదీన లండను నగరమున సంపన్నుల యింట జన్మించెను. తలిదండ్రు లామెను బడికి పంపలేదు. ఉపాధ్యాయినులే ఇంటికి వచ్చి చదువు చెప్పిరి. కుందేళ్లు, ఎలుకలు, గబ్బిలములే ఆమెకు నేస్తములు. తమ్మునితో గూడి వానిని పెంచుచు, గంటలకొలది చూచి చిత్రించుచుండెను. చచ్చిన జంతువుల యెముకలను సైతము పరిశీలించెడిది!

1890లో ఆమె తన పెంపుడు కుందేలును చూచి గీచిన బొమ్మలను ఒక ముద్రణసంస్థ 6 పౌనులకు కొని, శుభాకాంక్షల కార్డులుగా అచ్చువేసెను. సొమ్ము స్వల్పమే, కాని స్వార్జితము. 1893లో తన పూర్వపు ఉపాధ్యాయిని కుమారుడు నోయెల్ జబ్బుపడగా, వాని యూరటకై నాలుగు కుందేటిపిల్లల కథను బొమ్మల ఉత్తరముగా వ్రాసి పంపెను. అదియే పీటర్ కుందేలు కథ. ప్రకాశకులు నిరాకరింపగా, 1901లో సొంత వ్యయముతో 250 ప్రతులు అచ్చువేయించెను. మరుసటి యేడు వార్న్ సంస్థ దానిని ప్రకటించెను.

1903లో నట్కిన్ అను ఉడుత కథ వెలువడెను. అదియు నోయెల్ చెల్లెలికి వ్రాసిన ఉత్తరమునుండి పుట్టినదే. గుడ్లగూబను గేలిచేసి నట్కిన్ తోక పోగొట్టుకొనును. కథ కల్పితమేగాని బొమ్మలలోని ఉడుతలు నిజమైనవి. ఉడుత ముందరి దంతములు బ్రదికినంతకాలము పెరుగుచునే యుండును; గట్టి గింజలు కొరికి అది వానిని అరగదీసికొనును. ఎఱ్ఱ ఉడుత శీతకాలమునకై గింజలను నేలలో పాతిపెట్టును. అది మరచిన గింజలు కొన్ని మొలకెత్తి వృక్షములగును.

1905లో ప్రకాశకుడు నార్మన్ వార్న్ ఆమెను వివాహమాడ గోరెను. అతడు వర్తకుడని తలిదండ్రులు సమ్మతింపలేదు. ఐనను ఆమె అంగీకరించెను. ఒక్క నెలలోనే అతడు రక్తవ్యాధితో మరణించెను. అప్పు డామె వేల్సు ప్రాంతమున నుండెను. కడపటి వీడ్కోలు సైతము చెప్పుకొన లేకపోయెను.

ఆ యేడే ఆమె ఇంగ్లండు ఉత్తరభాగమున, సరస్సుల సీమలో హిల్ టాప్ అను పొలము కొనెను. 1913లో విలియం హీలిస్ అను న్యాయవాదిని పెండ్లాడి, గొఱ్ఱెల పెంపకమున మునిగెను. వృద్ధాప్యమునందును రోగపీడిత బాలల సహాయసంఘమునకై క్రిస్మసు కార్డులు చిత్రించి యిచ్చుచుండెను. 1943 డిసెంబరు 22వ తేదీన మరణించెను. 4,000 ఎకరములకు పైబడిన భూమిని నేషనల్ ట్రస్టుకు వ్రాసియిచ్చి, తన కొండపొలములలో ఆ సీమకు చెందిన హెర్డ్‌విక్ జాతి గొఱ్ఱెలనే మేపవలెనని మరణశాసనమున కోరెను.