కాస్తీలియ భాషకు తొలి వైయాకరణుడు నెబ్రిహా

స్పానిషు భాషను నేర్వబూనిన విద్యార్థి, ఏ దేశమువాడైనను, తొలిదినములలో వల్లెవేయునది ఒక ధాతువుయొక్క వర్తమానకాల రూపములను. ఆమో, ఆమస్, ఆమ, అమామోస్, అమాయిస్, ఆమన్ అని ఆ రూపములు ఆరు. నేను ప్రేమింతును, నీవు ప్రేమింతువు, ఆతడు లేక ఆమె ప్రేమించును, మేము ప్రేమింతుము, మీరు ప్రేమింతురు, వారు ప్రేమింతురు అని వరుసగా వాని యర్థము. వీనిని ఇట్లు ఒక వరుసలో గూర్చి, ప్రజలు మాటలాడు భాషకును నియమము కలదని తొలి ముద్రిత వ్యాకరణమున నిరూపించినవాడు ఆంతోనియో దె నెబ్రిహా.

ఆతడు 1444 ప్రాంతమున దక్షిణ స్పెయినులో సెవీల్ నగరమునకు సమీపముననున్న లెబ్రిహా అను ఊర జన్మించెను. ఊరిపేరే ఆతని పేరైనది. సాలమంకాలో చదివి, పందొమ్మిదవయేట ఇటలీకి పోయి, బొలోన్యాలో స్పానిషు విద్యార్థులకై నెలకొల్పబడిన కళాశాలలో చేరెను. ప్రాచీన గ్రీకు లాటిను గ్రంథములను శోధించి పరిష్కరించు విద్య ఆ కాలమున ఇటలీలో వికసించుచుండెను. స్వదేశమున లాటిను బోధన మిగుల దిగజారియున్నదని యెంచి, దానిని సంస్కరింపవలెనను దీక్షతో ఆతడు తిరిగివచ్చెను. సాలమంకాలో బోధకుడై 1481లో లాటిను వ్యాకరణమును ప్రకటించెను. అది ఆతని జీవితకాలముననే పెక్కు ముద్రణలు పొందెను. పిమ్మట ఇసబెల్లా రాణి కోరికపై ఆ గ్రంథమునే లాటినునకు ప్రక్కన కాస్తీలియ అనువాదముతో వెలువరించెను.

లాటినునకు శాస్త్రము కలదు; మాతృభాషకు లేదు. ఈ కొరతను తీర్పనెంచి, తాను వ్రాయుచున్న కాస్తీలియ వ్యాకరణపు నమూనాను నెబ్రిహా సాలమంకాలో రాణికి చూపెను. దీనివలన ప్రయోజనమేమని ఆమె ప్రశ్నించెను. తల్లి ఒడిలో నేర్చిన భాషకు వ్యాకరణమేలయను సందేహము ఆ కాలమువారికి సహజమే. నెబ్రిహా బదులు చెప్పకమునుపే ఆవిలా బిషప్పు అందుకొని, రాణి జయించు పరభాషా జనులకు ఆమె శాసనములతోపాటు ఆమె భాషయు అవసరమగుననియు, అది ఈ గ్రంథమువలన అలవడుననియు విన్నవించెను. ఈ వృత్తాంతమును నెబ్రిహాయే తన పీఠికలో వ్రాసికొనెను. రాజ్యముతో భాష పెరుగుననియు, రాజ్యముతోనే క్షీణించుననియు ఆతని విశ్వాసము. విజేతల పక్షమున నిలిచిన ఈ భావమును తరువాతి కాలమువారు పెక్కుమారులు విమర్శించిరి.

1492 జనవరి 2వ తేదీన గ్రనడా లొంగిపోయెను. ఆగస్టు 3వ తేదీన కొలంబస్ ఓడలు బయలుదేరెను. ఆగస్టు 18వ తేదీన సాలమంకాలో కాస్తీలియ వ్యాకరణము వెలువడెను. సముద్రమున కావల కొత్త ఖండమున్నదని అప్పటికి గ్రంథకర్తకుగాని రాణికిగాని తెలియదు.

ఆ గ్రంథమున భాగములు ఐదు. కడపటిది పరభాషీయులకై ఉద్దేశింపబడినది. అందు ధాతువులు మూడు గణములుగా విభజింపబడినవి. ఆర్ అని ముగియు అమార్ మొదటిది. ఏర్ అని ముగియు లెయేర్, అనగా చదువుట, రెండవది. ఈర్ అని ముగియు ఒయీర్, అనగా వినుట, మూడవది. చివరి అక్షరములను తొలగించి, వాని స్థానమున పురుషను వచనమును తెలుపు ప్రత్యయములను చేర్చినచో రూపములు సిద్ధించును. నియమబద్ధమైన ధాతువులకు వర్తమానమున రెండవ మూడవ గణముల నడుమ భేదము మేము, మీరు అనుచోట్ల మాత్రమే కలదు.

తెలుగువారికి ఈ పద్ధతి సుపరిచితము. ప్రేమింతును అన్నప్పుడు నేను అను పదము లేకున్నను కర్త తెలియును. ఆమో అన్నను అంతే. ప్రేమించును అను రూపము ఆతనికిని ఆమెకును చెల్లినట్లే, ఆమ అనునది ఇరువురికిని చెల్లును. మన తద్ధర్మ క్రియవలెనే స్పానిషు వర్తమానము నిత్యము జరుగు పనిని చెప్పును. ఇప్పుడు జరుగుచున్న పనిని, ఒక్కొక్కయెడ రేపు జరుగబోవు పనిని సైతము చెప్పును. మనకు మీరు, వారు అను రెంటికిని ప్రేమింతురు అను రూపమొక్కటే. స్పెయినులో ఆ రెండును వేరు. అమెరికా ఖండపు స్పానిషులో మాత్రము రెంటికిని ఆమన్ అనియే వాడుదురు.

ఇంత శ్రమించి వ్రాసిన ఈ వ్యాకరణము ఆతడు జీవించియుండగా మరల అచ్చుకాలేదు. పదునెనిమిదవ శతాబ్దివరకు దానికి పునర్ముద్రణ లేదు. ఆతని లాటిను వ్యాకరణమే దేశాంతరములకు వ్యాపించెను. అమెరికాకు పోయిన క్రైస్తవ మతబోధకులు నహువాతల్, కెచువా మొదలగు అచటి భాషలకు వ్యాకరణములు కూర్చునపుడు దానినే ఆదర్శముగా గైకొనిరి.

ఆతని వార్ధక్యము సుఖముగా గడువలేదు. బైబిలు పాఠమును భాషాశాస్త్ర దృష్టితో పరిశోధింపగా, మతవిచారణాధిపతి దియేగో దె దేసా ఆతని వ్రాతలను స్వాధీనపరచుకొనెను. నెబ్రిహా వెనుదీయక తన పరిశోధనను సమర్థించుకొనుచు ఒక గ్రంథము రచించెను. 1513లో సాలమంకాలో ఆచార్యపదవికి జరిగిన పోటీయందు తనకంటె పిన్నవానిచేత ఓడిపోయెను. సిస్నేరోస్ కార్డినలు ఆతనిని ఆల్కలా విశ్వవిద్యాలయమునకు రావించి, ఇచ్చవచ్చినది బోధించుటకును, ఇష్టములేనిచో బోధింపకుండుటకును స్వేచ్ఛ నొసగెను. అచటనే 1517లో కాస్తీలియ వర్ణక్రమ నియమములను ప్రకటించి, 1522 జూలైలో కన్నుమూసెను.

భాష మారిపోకుండ ఒక్క తీరున నిలువవలెనని నెబ్రిహా కోరెను. భాష ఆ కోరికను కొంతయే మన్నించెను. మూడవ గణమునకు ఆతడు ఉదాహరణముగా గ్రహించిన ఒయీర్ నేడు నియమము తప్పిన ధాతువులలో చేరినది. వినుదును అనుటకు ఆతడు వ్రాసిన ఓయో పోయి ఓయిగో వచ్చినది. పాఠశాలలలో దానికి మారుగా జీవించుట అను నర్థముగల వివీర్‌ను బోధింతురు. అమార్ మాత్రము మారలేదు. ఆతడు అచ్చువేయించిన ఆ ఆరు రూపములనే స్పెయిను విద్యార్థులు నేటికిని వల్లెవేయుచున్నారు.