గురజాడ వారు – వెంకటేశం చుట్ట

మహాకవి గురజాడ అప్పారావు గారు 1862 సెప్టెంబరు 21న నాటి విశాఖపట్నం జిల్లా రాయవరంలో జన్మించారు. తండ్రి పోయాక విజయనగరం చేరిన ఆ పిల్లవాడికి మహారాజా కళాశాల ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి గారు తిండి, వసతి ఉచితంగా ఇచ్చి చదివించారు. ఒక విధంగా ఆయనా మన హాస్టలు పిల్లవాడే! 1882లో మెట్రిక్యులేషన్, 1886లో బి.ఎ. పూర్తిచేసి, తరువాత అదే కళాశాలలో అధ్యాపకులయ్యారు.

ఆయన కన్యాశుల్కం నాటకం 1892లో తొలిసారి ప్రదర్శించారు. 1909లో ఆయనే దాన్ని బాగా పెంచి తిరిగి రాశారు. ఆడపిల్లల్ని డబ్బుకు పెళ్లిచేసే దురాచారం గురించిన నాటకమది. మాకు మాత్రం అందులో బాగా తెలిసినవాడు వెంకటేశం. పరీక్ష తప్పిన బడిపిల్లవాడు. గిరీశం దగ్గర చదువు నేర్చుకోబోయి చుట్ట కాల్చడం నేర్చుకున్నాడు. ఆ సంగతి గిరీశం ముఖం మీదే అనేస్తాడు కూడా! పొగాకు రుచి చూసి కాదు, ఇంగ్లీషు దంచే గురువు దాన్ని నాగరికత అన్నాడని కాల్చాడు.

మదనపల్లె, పుంగనూరు హాస్టళ్లలో పెరిగి కుప్పంలో పి.జి.కి వచ్చిన మేము చూసిందీ ఇదే. మొదటి బీడీ ఎవడూ కొనుక్కోడు, సీనియరు ఇస్తాడు. వద్దంటే చిన్నపిల్లాడంటారని భయం. డిగ్రీ చదివినవాళ్లే ఇంట్లో లేని మాకు సీనియరే అన్న, ఆయన చేసిందల్లా గొప్పే. 2003 చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వారికి గానీ, విద్యాసంస్థకు 100 గజాల లోపల గానీ సిగరెట్లు, బీడీలు అమ్మకూడదు. అన్న జేబులోంచి వచ్చేదాన్ని ఏ బంకువాడు ఆపుతాడు?

గురజాడ వారు 1915 నవంబరు 30న, 53 ఏళ్లకే కన్నుమూశారు. వెంకటేశం మాత్రం ఏటా జూన్‌లో ట్రంకుపెట్టెతో మన హాస్టలుకు వస్తూనే ఉన్నాడు.