స్పినోజా పుస్తకముల పట్టిక

క్రీ. శ. 1677 మార్చి 2వ తేదీన హాలండు దేశమునందలి హేగ్ నగరములో ఒక నోటరీ, చిత్రకారుడైన హెండ్రిక్ వాన్ డెర్ స్పైక్ ఇంటికి వచ్చి, అందలి అద్దెగదిలోని వస్తువులన్నింటికిని పట్టిక వ్రాసెను. ఆ గదిలో నివసించినవాడు తొమ్మిది దినములకు పూర్వము మరణించియుండెను. ఆతనికి భార్యాబిడ్డలు లేరు, వీలునామాయును లేదు. శవసంస్కారపు వ్యయమును, కొన్ని చిల్లర బాకీలును మిగిలియుండెను. మరణించిన ఆ అద్దెదారు తత్త్వవేత్త స్పినోజా.

ఆయన 1632 నవంబరు 24వ తేదీన ఆమ్‌స్టర్‌డామ్ నగరమున యూదుల కుటుంబములో జన్మించెను. మతహింసకు తాళలేక పోర్చుగల్ విడిచి వచ్చినవారు ఆయన పూర్వులు, తండ్రి వర్తకుడు. స్వతంత్రముగా ఆలోచించుట దోషముగా ఎంచబడి, 1656 జూలై 27వ తేదీన, ఇరువదిమూడేండ్ల ప్రాయమున, ఆయన తన సమాజమునుండి వెలివేయబడెను. అటుపిమ్మట అద్దాలను సానబట్టి దూరదర్శినులకు, సూక్ష్మదర్శినులకు కటకములు చేయుచు, మితవ్యయముతో జీవించెను. 1673లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయము ఆచార్యపదవి ఈయదలచినను, తన ఆలోచనకు ఎల్లలేర్పడునని శంకించి స్వీకరింపలేదు.

నోటరీ వ్రాసిన పట్టికయే ఈ జీవితమునకు సాక్ష్యము. అందు పడకయు, కొలదిపాటి దుస్తులును, అద్దాలు సానబట్టు పనిముట్లును కలవు. వానితోపాటు సుమారు 160 పుస్తకములు, వాని పరిమాణములనుబట్టి వరుసగా వ్రాయబడియున్నవి. కష్టార్జితమైన ధనము ఎచ్చటికి పోయినదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ పేరులు ఆయన మనస్సును తెరచి చూపుచున్నవి. వెలివేయబడిన మనుజుని ఇంట హీబ్రూ బైబిళ్లును, హీబ్రూ వ్యాకరణములును కడవరకు నిలిచియుండెను. బాల్యమునాటి స్పానిష్ భాషను ఆయన మరువలేదనుటకు సెర్వాంటిస్ కథలును, గోంగోరా కవిత్వమును నిదర్శనములు. లాటిన్ కవులు, చరిత్రకారులు, డెకార్టు గ్రంథములు, మాకియవెల్లి రాజనీతి, గణితశాస్త్రము, శరీరశాస్త్రము అందు చేరియున్నవి. సమాజము ఆయనను విడిచినను, ఆయన దాని భాషను గాని గ్రంథములను గాని విడువలేదు.

అయితే ఆ గదిలోని మిక్కిలి విలువైన సంపద ఆ పట్టికకు ఎక్కలేదు. తన వ్రాతప్రతులున్న బల్లను మరణానంతరము ఆమ్‌స్టర్‌డామ్‌లోని ప్రచురణకర్త రీవెర్ట్స్‌కు పంపవలెనని స్పినోజా ముందుగనే చెప్పియుంచెను. ఇంటి యజమాని ఆ మాటను చెల్లించెను. ఆయన బ్రతికియుండగా అచ్చుకాని ‘ఎథిక్స్’ ఆ సంవత్సరాంతమునకే, మిత్రుల కృషివలన, రచయిత పేరునకు బదులు పొడియక్షరములతో వెలువడెను.

సోదరి రెబెక్కా మొదట వారసత్వమును కోరి, బాకీలు తీరిన పిమ్మట మిగులునది లేదని తెలిసి వదలుకొనెను. 1677 నవంబరులో వేలము జరిగెను. పుస్తకములు పలువురి చేతులకు చెదరిపోయెను. పట్టిక మాత్రము నిలిచెను. అది 1889లో ప్రకటింపబడిన పిదప, దాని ననుసరించి అదే కాలపు ముద్రణలను వెదకి కూర్చిరి. స్పినోజా కొంతకాలము నివసించిన రైన్స్‌బర్గ్ గ్రామములోని ఇంట ఆ పుస్తకములు భద్రపరుపబడెను. 1942లో నాజీలు వానిని దోచుకొనిపోయిరి. యుద్ధానంతరము, 1946లో, అవి మరల ఆ ఇంటికి చేరినవి.

ఒక నోటరీ అప్పులవారికొఱకు వ్రాసిన కాగితము, రెండువందల యేండ్లు గడచిన పిమ్మట ఒక మహనీయుని గ్రంథాలయమును మరల నిలబెట్టినది. గ్రంథాలయమునందు పుస్తకముల పేరులు వ్రాయు చిట్టాపుస్తకము సామాన్యమైన వస్తువువలె కనబడును. పుస్తకములు చెదరిన దినమున వానిని మరల పిలుచుటకు ఆ చిట్టాయే ఆధారము.